అత్తయ్య వీణకు నేను చేసిన వైరు

మా డైనింగ్ టేబుల్ మీద చిన్న చిన్న కాలిన మచ్చలుంటాయి. చుట్టాలు వచ్చినా వాటి మీద గుడ్డ కప్పను. అవి నా సోల్డరింగ్ ఐరన్ చేసిన మచ్చలు. ఆడియో వైర్లు నేను ఇంట్లోనే చేస్తాను. ఆఫీసులో జీతాల లెక్కలు చూసుకునేదానికి ఈ పిచ్చేమిటని అడగనివాళ్ళు లేరు. బజార్లో కొన్నది తరచూ గరగరమంటుంటే ఒకసారి విసుగొచ్చి కోసి చూశాను. లోపలి రాగి జాలీని టంకం వేయకుండా ఊరికే మెలిపెట్టి వదిలేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతకంటే నేనే బాగా చేస్తాననుకున్నాను, చేశాను కూడా.

ఈ పనిలో అందరూ చేసే తప్పు ఒకటుంది. వైరు చివర ఉండే జాక్ మీద బిగించే గొట్టాన్ని ముందే వైరుకి ఎక్కించుకోవాలి, ఆ తర్వాతే టంకం వేయాలి. అతుకు నున్నగా కుదిరిందని మురిసిపోయి పక్కకి చూస్తే, గొట్టం టేబుల్ మీదే కూర్చుని ఉండేది. మళ్ళీ మొత్తం ఊడదీయాల్సిందే. "అమ్మాయ్, టోపీ పెట్టావా?" అని అత్తయ్య వంటింట్లోంచే ఆటపట్టించేది.

అత్తయ్య వీణ వాయిస్తుంది. అమీర్‌పేటకి వచ్చాక తలుపులు వేసుకుని తనకోసం తను వాయించుకోవడమే. అలాంటిది, పంజాగుట్టలో ఆవిడ స్నేహితురాలుండే అపార్ట్‌మెంట్ హాల్లో దసరాకి వాయించమని అడిగారు. ఆవిడ మీటు మెత్తన. వీణకి పికప్ అనే చిన్న మైకు అతికించి స్పీకర్లలో వినిపించకపోతే రెండో వరసకే అందదు. ఆ స్పీకర్లంటేనే ఆవిడకి భయం.

"వీణ వెనకాల గుయ్‌మని ఆ రొద వచ్చిందంటే లేచొచ్చేస్తాను. ఇంకెప్పుడూ నన్ను వాయించమని అడగొద్దు," అంది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. అందుకే పికప్ నుంచి మిక్సర్‌కి వెళ్ళే వైరు నేనే చేశాను, దాని మీద నా ప్రాణం పెట్టాను.

తీరా హాలుకి వెళితే, సౌండ్ సిస్టమ్ తెచ్చిన భాయ్ దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు.

"ఇంట్ల చేసింది నా మిక్సర్‌కి పెట్టను మేడమ్. గిట్లాంటివి మస్తు చూసిన. మీరు ఫికర్ చేయకుండ్రి, నా వైర్ ఉంది కదా."

ఆయన వైరే పెట్టాడు. స్టేజీ లైట్లు వేశారో లేదో, స్పీకర్లు గుయ్‌మన్నాయి. అత్తయ్య వీణ మీదనుంచి చెయ్యి తీసేసి నావైపు చూసింది. నాకు కోపం నషాళానికి అంటింది.

"భాయ్, ఒక్కసారి నాది పెట్టి చూడండి. ఏమైనా అయితే నన్నడగండి," అన్నాను గట్టిగానే.

ఆయన నా జాక్ గొట్టం విప్పి, లోపలి అతుకుల్ని లైటు కింద తిప్పి తిప్పి చూశాడు. మళ్ళీ బిగించి వీణకీ మిక్సర్‌కీ పెట్టాడు. చప్పుడు లేదు. అసలు పనిచేస్తోందా లేదా అని ఆయనే సౌండ్ పెంచాడు. అప్పుడు అత్తయ్య తీగ మీటింది. హాలు చివర కుర్చీలు సర్దుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

ఆ సాయంత్రం ఆవిడ ఏమేం వాయించిందో నన్నడిగితే చెప్పలేను. తీగకీ తీగకీ మధ్య ఏ రొదా లేని ఆ ఖాళీని వింటూ కూర్చున్నాను. గర్వంగా ఉంది, ఎందుకు దాచుకోవాలి?

అయిపోయాక చూస్తే నా వైరు కనబడలేదు. కిందికి పరుగెత్తాను. భాయ్ ఆటో ట్రాలీలో సామాను ఎక్కిస్తున్నాడు. అడగ్గానే పెట్టె తెరిచాడు. తన వైర్ల మధ్య నాది కూడా పొందిగ్గా చుట్టలు చుట్టి ఉంది.

"మాఫ్ చేయండి మేడమ్, నాదే అనుకున్న," అన్నాడు.

ఇంటికెళ్తూ ఆటోలో భాయ్ అన్న ఆ మాటే అత్తయ్యకి మళ్ళీ మళ్ళీ చెప్పాను. కచేరీ గురించి అత్తయ్యని నోరు తెరవనిచ్చానా! అమీర్‌పేట దగ్గరపడుతుండగా ఆవిడే నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఈసారి ఇంకా పెద్ద హాలు చూడమంటాను. వైరు కాస్త పొడుగ్గా చెయ్యి," అంది.