ఆరాల పెద్దమ్మ, కొత్త కొక్కేలు

ఆరాల పెద్దమ్మ ప్రశ్న వేయకుండా ఊపిరైనా తీసుకోదు. కుళాయి బాగుచేసేవాడు మర విప్పేలోగా, వాడి అత్తగారి నొప్పి ఏ మోకాలికో ఆమెకు తెలిసిపోవాలి. పళ్ళ డాక్టరు నోట్లో వేళ్ళు పెట్టినా, ఆ సందులోంచే "పెళ్ళయిందా నాయనా?" అని వినబడేది.

అందుకే ఆమె చెల్లెలి కూతురు, కళ్ళద్దాల కొట్లో పనిచేసే అమ్మాయి, తమ ఇంట్లోనే ఉండే పెద్దమ్మ బజారుకెళ్ళిన సమయం చూసి, అమ్మానాన్నలను వంటింట్లో కూర్చోబెట్టింది.

"నాలో నేనొక్కదాన్నే లేను. ఇంకో ముగ్గురున్నారు. ఒక్కోసారి నా బదులు వాళ్ళే మాట్లాడతారు. డాక్టరమ్మకి తెలుసు. మీకు చెప్పాలనిపించింది."

తల్లి ఆరిపోయిన పొయ్యిని మళ్ళీ ఆర్పింది. అమ్మాయి గోడకేసి చూసింది. ఆ ఇంట్లో ఎవరి కప్పు వాళ్ళ కొక్కేనికి వేలాడుతుంది. చుట్టాల కప్పులు బీరువాలో ఉంటాయి. ఇక తన కప్పు కూడా బీరువాకెక్కుతుందేమో!

"కాఫీలో చక్కెర ఎవరెవరికి?" బజారునుంచి ఎప్పుడొచ్చి విన్నదో, గుమ్మంలోంచి పెద్దమ్మ గొంతు.

"అక్కా, ఇదా అడగాల్సింది?"

"ఇంట్లో మనుషులున్నారంటే ముందు అడిగేది అదేగా! చెప్పవే తల్లీ, ఎలాంటివాళ్ళు?"

"ఒకతనిది ఎడమచేతివాటం. ఒకావిడ కోపిష్టి. ఇంకొకతె చిన్నపిల్ల."

"కోపమంటే మీ నాన్నంతా, నా అంతా?"

"నీ అంత."

"అయితే సర్దుకుపోవచ్చు. చిన్నదానికి ఏ రంగిష్టం? వేడివి తాగుతుందా? ఆ కోపిష్టి వస్తువులు విసురుతుందా?"

"వదినా, పిల్లని ఊపిరి తీసుకోనివ్వండి!" అన్నాడు తండ్రి.

కానీ అమ్మాయి తేలిగ్గానే ఊపిరి తీసుకుంటోంది. వాళ్ళ గురించి ఇంతవరకు ఎవరూ ఇలా, పక్కింట్లో దిగినవాళ్ళ గురించి అడిగినట్టు అడగలేదు. లోపల కోపిష్టి కూడా కిసుక్కుమంది.

మర్నాడు పొద్దున్న చూస్తే ఆమె కప్పు పక్కనే మూడు కొత్త కొక్కేలు. ఒకదానికి, పిడి ఎడంపక్కకి తిప్పి పెట్టిన కప్పు. ఒకదానికి, విసిరినా పగలని స్టీలుది. చివరిదానికి మూతున్న చిన్న పసుపు కప్పు.

"ఇవాళ ఎవరొచ్చారు?" అంది పెద్దమ్మ, పాలు దించుతూ.

"పసుపుది నాదా?" అమ్మాయి నోట సన్నని గొంతు. "పెద్దమ్మా, నీ కప్పుకి పిడేది? ఎవరు విరగ్గొట్టారు? ఎందుకు? నువ్వు ఏడ్చావా?"

పెద్దమ్మ నోరు తెరిచింది. ఆలోగా ఇంకో రెండు ప్రశ్నలు వచ్చిపడ్డాయి. తల్లి నవ్వాపుకోలేక పొయ్యిగట్టు పట్టుకుంది.

"ఇది మనింటి పిల్లేనే, అక్కా. అచ్చం నీ పోలికే!"