గంట దాటిన పద్నాలుగు ఇళ్లు

మార్చి మొదటి సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, యూసుఫ్‌గూడలో ఒక నీలం గేటు ముందు నిలబడి బెల్లు కొట్టాను. మా పని మొదలైంది అప్పుడే. గేటుకు టూలెట్ బోర్డు వేలాడుతోంది. తలుపు తీసినావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరేమిట్లండీ?" అని అడిగింది. మా కులం చెప్పాను. లోపలికి పిలిచి వంటగది చూపించింది, మంచినీళ్లిచ్చింది.

పదకొండుంబావుకు అదే బెల్లు నా తోటి పరిశోధకురాలు కొట్టింది. ఆమె కూడా నేను చెప్పినట్టే చెప్పింది. రెండు గదులు కావాలి, ఇద్దరమే ఉంటాం, నెలజీతం ఉంది. ఆమె కులం విన్నాక ఇంటావిడ, "అయ్యో, ఇప్పుడే ఒకావిడకి ఇచ్చేశానమ్మా" అంది. ఆ ఒకావిడ నేనే. అడ్వాన్సు ఇవ్వలేదు, మళ్లీ వస్తానని కూడా అనలేదు.

కులం, మతం చూసి అద్దె ఇళ్ల నుంచి మనుషుల్ని ఎలా తిప్పి పంపుతారో నమోదు చేసే కేంద్రం మాది. అమీర్‌పేటలో రెండు గదుల ఆఫీసు, ప్రభుత్వ గ్రాంటు. నా ఉద్యోగమంతా గణాంకాల్లోనే గడిచింది కాబట్టి రిటైరయ్యాక నన్ను పిలిచి నిబంధనలు రాయమన్నారు. రాశాను. ఒకే ఇంటికి ఇద్దరం విడివిడిగా వెళ్లాలి. రెండోవాళ్లు గంటలోపు వెళ్లాలి. గంట దాటితే ఇల్లు నిజంగానే ఎవరికో ఇచ్చి ఉండవచ్చు కాబట్టి దాన్ని లెక్కలోంచి కొట్టెయ్యాలి.

ఎప్పుడూ రెండో బెల్లు నా తోటి పరిశోధకురాలిదే. యాభై దాటిన మనిషి, నల్గొండ వైపు నుంచి చిన్నప్పుడే నగరానికి వచ్చింది. నేను టీకొట్టు దగ్గర వాచీ చూస్తూ కూర్చుంటే వస్తూనే ఆటపట్టించేది. "అమ్మా, గా వాచీ జర సంచిల ఎయ్యి. నాకన్నా దాన్నే ఎక్కువ చూస్తున్నవ్." ఉస్మానియా బిస్కట్టు విరిచి పెద్ద ముక్క నాకిచ్చేది. "ఎన్ని గంటలకు బెల్లు కొట్టావు?" అని అడిగేదాన్ని. చెప్పేది, రాసుకునేదాన్ని.

ఏడాదిలో నూట యాభై ఇళ్లు పూర్తయితేనే మరుసటి ఏడాది గ్రాంటు. మేం నూట అరవై ఒకటి తిరిగాం. నేను పద్నాలుగు కొట్టేశాను.

"పది నిమిషాలు, పావుగంట తేడాయేగా? ఉంచేద్దామండీ" అన్నారు మా డైరెక్టరుగారు.

"రేపు ఒక్కటి తప్పని తేలితే మిగతావాటినీ ఎవరూ నమ్మరు" అన్నాను. నూట నలభై ఏడుతోనే నివేదిక వెళ్లింది.

గ్రాంటు ఆపుతామని ఉత్తరం వచ్చింది. చెప్పుకోవడానికి మాసబ్ ట్యాంక్‌లోని గ్రాంటు ఆఫీసుకు డైరెక్టరుగారు, ఆమె, నేను ముగ్గురం వెళ్లాం. అధికారి మర్యాదస్తుడే, కుర్చీలు వేయించాడు. "ఇదంతా అందరికీ తెలిసిందే కదమ్మా. తెలిసినదానికి ప్రజల డబ్బు ఎందుకు?" అని అడిగాడు.

"తెలుసు అన్నవాళ్లే రుజువేదీ అంటారు సార్. ఇల్లు దొరకనివాళ్లు చందాలు వేసుకుని రుజువులు తేలేరు. ఇళ్లున్నవాళ్లు తేరు. ఇల్లు దొరకనివాళ్లూ కట్టే పన్నులోంచి ఇంత వాళ్ల కోసం ఉండాలి" అన్నాను.

ఆయన పేజీలు తిప్పాడు. కొట్టేసిన పద్నాలుగింటికీ ఎదురుగా నేను రాసింది ఒకే మాట, ఆలస్యం. "ఎందుకు ఆలస్యం? మనిషి సరిగ్గా తిరగలేదా?"

ట్రాఫిక్ అని చెప్పబోయాను. ఆమె నాకంటే ముందు మాట్లాడింది.

"తిరిగిన సార్. ఒకింట్ల నేను పట్టుకున్న గేటును నా ముందటనే నీళ్లు పోసి కడిగిన్రు. గట్ల కడిగినంక ఇంకో బెల్లు కొట్టబుద్ధి కాలే. మెట్రో మెట్ల మీద కూసున్న. ఇంకోకాడ ఇంకోటన్నరు. మల్ల కూసున్న. పద్నాలుగు సార్లు గిట్లనే."

ఆయన చివరి పేజీ చూపించి, "నూట నలభై ఏడు అని మీరే రాసిచ్చారు కదమ్మా. నేనేం చెయ్యను?" అని ఫైలు మూశాడు.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగాను. "నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు టైం అడిగినవ్ అమ్మా. గదే చెప్పిన."

ఆ పద్నాలుగింటికీ కారణాలు ఆమెను అడిగి, ఆమె మాటల్లోనే రాసి మళ్లీ పంపాను. ఇంటి లెక్క చెల్లకపోయినా, ఆలస్యానికి కారణమే మేం వెతుకుతున్న సంగతి అని పైన రాశాను. జవాబు రాలేదు. ఆఫీసు ఖాళీ చేశాం. ఆమె సోమాజిగూడలో ఒక ఆసుపత్రి కౌంటర్లో చేరింది. ఆదివారాలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది.

పంజాగుట్టలో మా ఇంటి నుంచి అమీర్‌పేట దాకా రోజూ నడుస్తాను. టూలెట్ బోర్డు కనబడితే కాళ్లు ఆగుతాయి. పాత టీకొట్టు దగ్గర కూర్చుని వాచీ చూస్తాను. ఆమె నవ్వుతూ రావాలనిపిస్తుంది. ఈసారి ఎన్ని గంటలకని అడగను, ఏమన్నారని అడుగుతాను. గంట దాటినా లేవబుద్ధి కాదు.

తిరిగిన ఇళ్లు నూట అరవై ఒకటి. కొట్టేసినవి పద్నాలుగు. తక్కువ పడినవి మూడు. ఆగిన పరిశోధన ఒకటి. నా బీరువాలో ఎవరూ అడగని నోటుపుస్తకాలు తొమ్మిది. పక్కన నడిచిన మనిషి ఒకరు.