తలుపు చప్పుడున్న రికార్డు

ఆయన చేసేది పళ్ల సెట్లు. డాక్టరుగారి ఆసుపత్రి వెనకగదిలో కూర్చొని, ఎవరెవరివో నోటి అచ్చులు ముందు పెట్టుకొని, మైనం కరిగించి, బోసినోళ్లకు నవ్వులు తయారుచేస్తాడు. ఇంత పుణ్యమైన పని చేసే మనిషిని ఆ పని పేరుతో పిలవచ్చు కదా? ఊహూఁ, అందరికీ ఆయన దయ్యాలాయనే. ముందుగదిలో చీటీలు రాసే అమ్మాయి అయితే మరీను, "దయ్యాల బాబాయ్, టీ చల్లారిపోతోంది" అని మొహం మీదే అంటుంది.

ఆ పిల్లననీ లాభం లేదు. సెలవొస్తే చాలు, ఈయన పాత సామాన్ల షాపులు గాలించడానికి బయల్దేరతాడు. వెతికేది ఒకే ఒక్క కథ. క్రిస్మస్ ముందురోజు రాత్రి, బయట మంచు కురుస్తుంటే, ఒక పిసినారి ఒంటరిగా చలి కాచుకుంటూ ఉంటాడు. వాడు చలిలోకి గెంటేస్తే చచ్చిపోయిన, వాడింట్లో అద్దెకున్న మనిషి ఆ రాత్రి వచ్చి తలుపు కొడతాడు, ఇంటి తాళంచెవి తిరిగి ఇచ్చేసి వెళదామని. అంతే కథ. పాతరోజుల్లో నాటకాలవాళ్లూ రేడియోవాళ్లూ దీన్ని పోటీలుపడి చదివి రికార్డులిచ్చారు. ఒకాయన చదివితే దయ్యం దగ్గుతుంది. ఒకావిడ చదివితే పాపం దయ్యానికే చలేస్తోందేమో అనిపిస్తుంది. అవన్నీ ఈయన బీరువాలో, ఒక్కోటి ఒక్కో అట్టసంచిలో, ఠీవిగా నిలబడి ఉన్నాయి. భార్య బట్టలు మంచం కింద పెట్టెలో ఉన్నాయి. ఆవిడ ఆ సంగతి గుర్తుచెయ్యని వారం లేదు.

ఇన్ని ఉండీ ఆయనకు కావలసింది మాత్రం లేదు. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న రికార్డులో, చదివేవాడు "అప్పుడు తలుపు చప్పుడైంది" అనగానే, నిజంగానే వెనకాల చప్పుడయ్యేది. టక్, టక్, టక్. అంతే, మూడే. ఆ చప్పుడు మరే రికార్డులోనూ లేదు.

ఆ రికార్డు పెట్టేది అక్క. తల్లి పోయాక ఆయన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. పగలంతా చొక్కాల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టి వచ్చి, వీడికి తినిపించి, పక్కలో పడుకోబెట్టుకొని కథ పెట్టేది. మూడో చప్పుడు కాగానే, "వచ్చాడు. ఇంక మనం లోపలే ఉందాం, భయం లేదు" అని దుప్పటి కప్పేది. ఇల్లు మారినప్పుడు ఆ రికార్డు ముక్కలైపోయింది. దాని మీద ఏం రాసుందో చదివే వయసు అప్పటికి ఆయనకు లేదు.

ఇప్పుడా అక్క ఆయన దగ్గరే ఉంది. మనిషి ఉంది గాని, మతి ఒకచోట నిలవడం లేదు. పొద్దు వాలితే చాలు, "ఎవరో వచ్చినట్టున్నారు, చూసొస్తా" అని తలుపు తీసుకొని వీధిలోకి వెళ్లిపోతుంది. మొన్న రోడ్డు మధ్యలో నిలబడితే, లారీ డ్రైవరు బ్రేకేసి, దిగి, చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి అప్పజెప్పాడు. ఆ రోజునుంచి దయ్యాలాయనకు కంటిమీద కునుకు లేదు. తలుపుకు తాళం వేసి చూశారు. అరచేతులు కమిలిపోయేదాకా అక్క తలుపును బాదింది. ఆ తాళం తీసేసింది ఆయన భార్యే.

"వదినగారంటే నాకు ప్రేమ లేక కాదు" అందావిడ. "మీరు ఆసుపత్రిలో, నేను షాపులో. ఇంకోసారి లారీ ఆగకపోతే? ఆదివారం దాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే ఆ వృద్ధాశ్రమం వాళ్లతో మాట్లాడండి."

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏముంది గనక?

ఒక్క ఆశ మాత్రం ఉంది. సాయంత్రం ఆ కథ పెడితే అక్క బుద్ధిగా కూర్చొని వింటుంది. "తలుపు చప్పుడైంది" అన్న మాట దాకా కదలదు. అక్కడ చెవి రిక్కించి ఎదురుచూస్తుంది. చప్పుడు రాదు. "ఇంకా రాలేదేంట్రా, చూసొస్తా" అని లేస్తుంది. ఏ రికార్డు పెట్టినా ఇదే వరస. అంటే ఆ మూడు చప్పుళ్లూ వినబడితే లేవదన్నమాటే కదా? కాదేమో? ఆ రెండు ప్రశ్నలూ ఆయన బుర్రను తొలిచేస్తున్నాయి.

ఆదివారం పొద్దున్నే పాత రికార్డుల ముసలాయన షాపుకు పరిగెత్తాడు. ఆ ముసలాయనకి ఈయనంటే చనువు. రికార్డు ఏదో తిరుగుతుంటే తల ఎత్తకుండానే, "మళ్లీ తలుపు కోసమేనా? వడ్రంగి దగ్గరికి పోరాదూ?" అన్నాడు.

"నవ్వులాట కాదు పెద్దాయనా. ఇవాళ దొరక్కపోతే మా అక్కని పంపించెయ్యాలి."

ముసలాయన నవ్వు ఆగిపోయింది. "సరే, ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఒకసారి కొట్టి చూపించు."

ఈయన బల్లమీద వేలితో కొట్టాడు. నిద్రలో లేపి అడిగినా తప్పని లెక్క అది. టక్, టక్, టక్.

"ఇంకోసారి. ఈసారి నా రికార్డుని చూస్తూ కొట్టు."

తిరుగుతున్న రికార్డు మధ్యలో పిట్టబొమ్మ ఉంది. ఆయన వేలు బల్లమీద పడినప్పుడల్లా ఆ పిట్ట సరిగ్గా ఒక చుట్టు తిరిగి అక్కడికే వచ్చింది. మూడుసార్లూ అంతే.

"చుట్టుకి ఒక చప్పుడు" అన్నాడు ముసలాయన మెల్లిగా. "అది తలుపు కాదయ్యా, గీత. మీ ఇంటి రికార్డు మీద ఎక్కడో గీత పడింది. నువ్వేమో గీతల్లేనివే ఏరేరి కొన్నావు. ఇంకెక్కడ దొరుకుతుంది నీకు?"

దయ్యాలాయన అప్పుడే ఇంటిదారి పట్టాడు. ఎందుకంటే చిన్నప్పుడు విన్న ఆ గొంతు బీరువాలోనే ఉంది. ఏళ్ల కిందట కొన్న రికార్డు, అద్దంలా ఉంటుంది, గోటి గీత కూడా లేదు. మొదటిసారి విన్నప్పుడే ఒళ్లు ఝల్లుమంది, ఇదే గొంతు కదా అని. కానీ చప్పుడు లేదని, తన భ్రమేలే అని పక్కన పెట్టేశాడు.

ఇంటికి వచ్చి, రికార్డు తీసి, వంటింటి బల్లమీద దుప్పటి మడతపెట్టి దానిమీద పడుకోబెట్టాడు. మైనం చెక్కే సన్నకత్తి, భూతద్దం తెచ్చుకున్నాడు. రికార్డు పెట్టి, ఆపి, ఆ మాట ఎక్కడుందో వెతికి సుద్దతో గుర్తు పెట్టేసరికే పొద్దు వాలింది. రికార్డు మీది సన్నటి చాళ్లలో వరసగా మూడింటికి అడ్డంగా కొయ్యాలి, నాలుగోది తగలకూడదు. లోతు ఎక్కువైతే మిషను ముల్లు ఎగిరిపోతుంది, లేదా అక్కడే చిక్కుకొని అదే మాట వాగుతూ ఉంటుంది. పళ్లు చెక్కేటప్పుడు ఏనాడూ తటపటాయించని మనిషి, కత్తిని రెండుసార్లు ఆనించి మళ్లీ ఎత్తేశాడు.

భార్య దీపం పట్టుకొని పక్కన నిలబడింది. "ఇది పాడైతే ఇంకోటి దొరుకుతుందా?"

"దొరకదు."

ఆవిడ దీపం ఇంకాస్త దగ్గరగా జరిపింది.

ఆయన ఊపిరి బిగబట్టి కోశాడు. కరకరమని కాస్త పొడి రాలింది. అంతలో ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. "ఎవరో వచ్చినట్టున్నారు" అని అక్క లేచింది. వేసి చూసుకునే వ్యవధి కూడా లేదు. కత్తి చేతిలో ఉండగానే రికార్డు పట్టుకొని పరిగెత్తి, మిషను మీద పెట్టి, ఆ మాటకు కాస్త ముందుగా ముల్లు దించాడు.

అక్క చెయ్యి అప్పటికే గడియ మీద ఉంది.

మంచు కురుస్తోంది అన్నాడు రికార్డులో మనిషి. నిప్పు ఆరిపోతోంది అన్నాడు. అప్పుడు తలుపు చప్పుడైంది అన్నాడు.

టక్. టక్. టక్.

ముల్లు ఎగరలేదు. కథ ముందుకు సాగింది. అక్క చెయ్యి గడియ మీదనుంచి జారింది. కాని ఆవిడ తలుపువైపు చూడలేదు. తమ్ముడివైపు తిరిగి, వాడి చేతిలోని కత్తినీ, తిరుగుతున్న రికార్డునూ, మళ్లీ వాడి మొహాన్నీ చూసింది. దగ్గరికొచ్చి, పసివాడి చేతిలోంచి తీసుకున్నట్టు ఆ కత్తిని మెల్లిగా తీసుకుంది.

"ఏడవకురా చిన్నోడా" అంది. "నువ్వేం పాడుచెయ్యలేదు. గీత కాదది. ఆయనొచ్చి తలుపు కొడుతున్నాడు, అంతే."

చిన్నప్పటి రికార్డు మీద ఆ మొదటి గీత గీసిన చెయ్యి కూడా తనదేనని ఆయనకు అప్పుడు తెలిసింది. ఊహ తెలియని రోజుల్లో చేసిన పని. అక్క జన్మలో ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ఆవిడ వెళ్లి కుర్చీలో కూర్చొని, పక్కన చోటు చూపించింది. "రా. వచ్చాడుగా. ఇంక మనం లోపలే ఉందాం, భయం లేదు."