తలారి ముట్టిన చెయ్యి

మతౌష్ పట్టపగలే, ఉరితీసే తలారి ఇంటికి పోయొస్తున్నాడనీ, ఇద్దరూ కలిసి ఉరితాడు ముక్కలు తాయెత్తులుగా అమ్ముకుంటున్నారనీ మా వీధంతా ఒకటే గుసగుస. తాయెత్తుల మాట శుద్ధ అబద్ధం. ఆ మాట ఏ నోట పుట్టిందో నాకు తెలుసు గానీ, ఆవిడ మా వియ్యపురాలు, పేరు చెప్పను.

మతౌష్ ఉన్నిబట్ట నేసేవాడు. వాడు నేసిన దుప్పట్లో నీళ్ళు పోస్తే చుక్క కారేది కాదు. చర్చిలో వెండి దీపపు సెమ్మెలు పోయిన రోజు అటువైపు కనిపించాడని వాణ్ణి పట్టుకుపోయారు. ఒప్పుకోమని తలారి ప్రోకోప్ చేత బొటనవేళ్ళకు ఇనుప మర బిగింపించారు. ఎముకలు నలిగినా ఒప్పుకోలేదు. తర్వాత అసలు దొంగ దొరికాడు, వీణ్ణి వదిలేశారు.

కానీ మా బొహీమియాలో తలారి చెయ్యి తగిలితే మైలపడ్డట్టే. నేతసంఘం వాణ్ణి మగ్గం ఎక్కనివ్వదు. బీరు అంగడిలో తలారికి తలుపు పక్కన వేరే ముక్కాలిపీట, అందరి లోటాల్లా కాక మూతలేని లోటా ఉంటాయి. మతౌష్ లోటానూ అక్కడికే చేర్చారు. నడుం పట్టేసిందంటే మాత్రం సంఘం పెద్దయినా ఆ తలారి పెరటి తలుపే తడతాడు. ఎముకలు కట్టడంలో ప్రోకోప్‌ది అంత మంచి చెయ్యి. మసక వెలుతురులో పోతే మైల అంటదు కాబోలు!

ఇంతలో వియన్నా నుంచి మమ్మల్నేలే మహారాణిగారి ఆజ్ఞ వచ్చింది: ఇకమీదట ఎవర్నీ హింసపెట్టి నేరం ఒప్పించరాదని. గంటలు మోగించారు. మతౌష్ ఉతికిన చొక్కా తొడుక్కుని సంఘం పెద్ద దగ్గరికి పోయాడు. నేనూ వెనకే వెళ్ళాను. పనేం లేదు, చూద్దామనే.

"మహారాణిగారే తప్పన్నారు కదా పెద్దయ్యా. నన్ను మగ్గం ఎక్కనివ్వండి."

"హింస మానమన్నారు. మైల పోయిందని అన్లేదే!"

"నేను దొంగని కాదు."

"కాదనే మేమూ అంటున్నాం. కానీ నువ్వు నేసిన బట్ట ఎవడు కొంటాడ్రా?"

నేనుండలేక అన్నాను, "వీడికి మర బిగించమన్న న్యాయాధికారి పక్కన కూర్చుని నిన్న బాతుకూర తిన్నావుగా? ఆయనకి మైల లేదూ?"

"నీకెందుకే ముసలీ! ఇంటికి పోయి గంజి చూసుకో."

మతౌష్ తిన్నగా తలారి ఇంటికి పోయాడు. నేను గేటు దగ్గరే కాపేశాను. చేతులకు కొవ్వుమందు కంపు కొట్టే కట్లతో బయటికొచ్చాడు.

"ఒరే, వేళ్ళు నలిపినవాడి గడపే తొక్కుతావా? సిగ్గులేదట్రా?"

వాడు చెయ్యి నా ముందు చాపాడు.

"ఊళ్ళో ఈ చెయ్యి ముట్టుకునేది వాడొక్కడే పెద్దమ్మా. ఇదిగో, అప్పుడే కట్టు జారింది. నువ్వు కడతావా, మళ్ళీ వాడి దగ్గరికే పోనా?"