ఎరుపనుకుని పోసిన సిరా

1999 మే నెల, రెండో శనివారం, పొద్దున్న పదకొండు గంటల ఇరవై నిమిషాలు. రాయపూర్ గుఢియారీలో మా ఇంటి ముందుగదిలో పాత పేపరు పరిచి, సిరంజితో ప్రింటరు రంగుల డబ్బాలోకి సిరా ఎక్కించాను. టైము ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, అప్పటికి గంట నుంచీ గోడగడియారం తప్ప నేను మరొకటి చూడలేదు.

మూడున్నరకి వాల్తేరు వైపు బండి. నా స్నేహితుడు, రైల్వే గ్యాంగులో నాతో పాతికేళ్ళు పట్టాలు మోసినవాడు, ఆ బండికి సొంతూరు వెళ్ళాలి. రెండో కూతురి పెళ్ళి పిలుపులు. పెద్దకూతురి పెళ్ళికి రాయపూర్లో దొరికిన ప్రెస్సులో హిందీ కార్డులే వేయించాడు. ఊళ్ళో ఉన్న వాడి అన్న ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు చదవరాని కాగితం పంపేడంటే రావద్దనే కదా" అన్నాడట. రాలేదు. ఆరేళ్ళుగా అన్నదమ్ములకి మాటల్లేవు. ఈసారి తెలుగు కార్డు అన్న చేతిలో తనే పెట్టాలని వీడి పంతం. మా కోడలు ఇంట్లోనే కంప్యూటరు మీద టైపు పని చేసేది, అందులో తెలుగు అక్షరాలున్నాయి. నలభై కార్డులు వేసిస్తానని మాటిచ్చింది.

పొద్దున్న వేసి చూస్తే ఎరుపు పడలేదు. "డబ్బాలో ఎర్రసిరా అయిపోయింది. స్నానం చేసొచ్చి నేను పోస్తాను. మీరు ముట్టుకోకండి మావయ్యా" అని చెప్పి వెళ్ళింది.

ముట్టుకున్నాను. మా అబ్బాయి డ్యూటీకెళ్ళాడు, ఊరికే కూర్చోవడం నాకు ఈ జన్మలో రాదు. ఆమె ఎలా పోస్తుందో నాలుగుసార్లు చూశాను. డబ్బా పైన అంటించిన కాగితం ఊడదీశాను. కింద మూడు చిల్లులు. చీపురుపుల్ల విరిచి ఒక్కోదాంట్లో ముంచాను. ఒకటి నీలం, ఒకటి పసుపు. మూడోదాంట్లోంచి పుల్ల దాదాపు పొడిగా వచ్చింది, కొసన గులాబిరంగు మరక. ఎరుపుగది అదే. అక్కడిదాకా తప్పు లేదు.

సీసాలు మూడు, పేర్లు ఇంగ్లీషులో. నేను తెలుగు అక్షరాలు నేర్చింది నలభై మూడో ఏట, సాయంత్రం బడిలో. హిందీ బోర్డులు చూసి చూసి వచ్చింది. ఇంగ్లీషు రాలేదు. సీసాలు కిటికీ దగ్గర ఎత్తి చూశాను. రెండు నల్లగా ఉన్నాయి. మూడోది కుంకుమ నీళ్ళలా ఎర్రగా ఉంది. అదే పోశాను.

పన్నెండింటికి స్నేహితుడు ఊరికి అటు చివర మోవా నుంచి సంచి సర్దుకుని వచ్చేశాడు. కోడలు తలకి తువ్వాలు చుట్టుకునే వచ్చి కార్డు పెట్టింది. మిషను గీ గీమంటూ కక్కింది. స్నేహితుడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏటి బావా, అచ్చరాలేవీ?"

"ఉన్నాయి. వెలుతుర్లో వాల్చి చూడు" అన్నాను.

వాల్చాడు. లేత పసుపురంగు. పెళ్ళికూతురి పేరు ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"మా అన్నకి కళ్ళజోడుంది గానీ, భూతద్దం లేదు."

కోడలు నా వైపు తిరిగింది. "మావయ్యా, డబ్బా మీరు తీసేరా?"

"నేను తియ్యలేదు."

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ చూస్తోంది. "మరా వేళ్ళకేటైంది? పెళ్ళికొడుక్కి నలుగు పెట్టొచ్చేరా?"

అబద్ధం అక్కడితో అయిపోయింది. కోడలు నేను వాడిన సీసాలోంచి ఒక్క చుక్క పేపరు మీద వేసింది. చుక్క పాకుతూ పాకుతూ పసుపురంగుకి తిరిగింది. "చిక్కగా ఉంటే పసుపు ఎర్రగానే కనిపిస్తాది. అసలు ఎరుపు ఇది" అని నల్లసీసాల్లో ఒకటి తీసింది. "మీద రాసుంది కదా మావయ్యా."

"ఇంగ్లీషులో రాసుంది."

"అడగొచ్చు కదా."

"అడగొచ్చు."

స్నేహితుడు గడియారం చూశాడు. "పోనీ జల్దీ నలుపుతో కొట్టీ తల్లీ. నలుపు డబ్బా వేరే కదా." అని తనే తల విదిలించాడు. "వద్దు, వద్దు. నల్ల అచ్చరాల కార్డు పట్టుకెళ్తే దినానికి పిలుస్తున్నారనుకుంటాడు. ఎవులు పోయేరురా అని ఏడుపు మొదలెడతాడు."

కోడలు సిరంజితో పసుపు లాగింది. గోరువెచ్చని నీళ్ళు ఎక్కించి మళ్ళీ లాగింది. అసలు ఎరుపు పోసి, నా పాత పంచె ముక్క మీద డబ్బా అడుగు అద్దింది. మిషను చేతే సిరా కారే ముక్కు కడిగించి ఒక కాగితం తీసింది. పసుపు. మళ్ళీ కడిగించింది. నారింజ. కాసేపు ఆగనిచ్చి మళ్ళీ తీసింది. ఇటుకరంగు, మధ్యలో చారలు. ఒంటిగంటన్నర. నేను గేటుదాకా వెళ్ళాను, వచ్చాను, వెళ్ళాను. పట్టాలకవతల ఏ ఇంజను కూసినా అదే బండి అనిపించింది.

"మావయ్యా, కాగితం మీద మీ నీడ పడతాంది. బయట నడవండి."

"ఆడికి నడకొక్కటే తెల్సు తల్లీ, పట్టాలెంబడి" అన్నాడు స్నేహితుడు. నవ్వడానికే అన్నాడు గానీ, వాడి కళ్ళు గడియారం మీదే ఉన్నాయి.

రెండూ నలభైకి ఎరుపు ఎరుపుగా వచ్చింది. కార్డుకి రెండు నిమిషాలు. మూడూ ఐదయ్యేసరికి పదకొండు. అందులో రెండింటికి చార పడింది. మంచివి తొమ్మిది.

మా ఆవిడ పసుపు గిన్నె తెచ్చింది. నేను చెయ్యి చాపాను. "మీరు దూరంగుండండి. పసుపు మీకచ్చిరాదు" అని నాలుగు మూలలా తనే అద్దింది. మొదటి కార్డు మీద అన్న పేరు కోడలు రాసింది. స్నేహితుడు దాన్ని సంచిలో పెట్టలేదు. తడి ఆరేదాకా రెండు వేళ్ళతో పట్టుకుని స్టేషను దాకా ఊపుకుంటూ వచ్చాడు. సంచి నేను మోశాను. మిగతా ముప్ఫై ఒక్క ఇళ్ళకీ బొట్టు పెట్టి నోటితోనే పిలుస్తానన్నాడు. బండి కదులుతుంటే సంచి కిటికీలోంచి అందించాను.

అన్న పెళ్ళికి వచ్చాడు. నాలుగు రోజుల ముందే దిగి, పందిరి రాటలు వంకరున్నాయని అందర్నీ తిట్టాడు.