ఎల్బీ నగర్ వచ్చిందా, మనం వెళ్లామా?

నేను పాఠాలు చెప్పే కాలేజీ మూతపడ్డాక ఇది నా నాలుగో డెమో క్లాసు. ఎల్బీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌వాళ్లు పిలిచి, అంశం కూడా వాళ్లే ఇచ్చారు: ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం. ఇదీ పోతే ఫిజిక్సుకి దండం పెట్టి మా ఆడపడుచు చీరల కొట్లో కూర్చోవాలి. పోచంపల్లి చీరలంటే నాకు ప్రాణమే, కానీ కట్టుకోవడానికి, రోజంతా మడతలు పెట్టడానికి కాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకి చెబుతున్నా, ఆటో జోలికి పోకండి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని చెప్పాల్సిన పాఠం మర్చిపోతారు. మెట్రోలో మధ్యలో రెండే స్టేషన్లు, పొద్దున పూట అటువైపు సీటు కూడా దొరుకుతుంది. రాత్రంతా నిద్ర లేదేమో, కూర్చోగానే కళ్లు మూతలు పడ్డాయి. పక్కనున్న పెద్దావిడ మోచేత్తో పొడిచింది.

"ఎల్బీ నగర్ ఒచ్చిందా బిడ్డా?"

"ఇంకా రాలేదు పెద్దమ్మా."

"ఒస్తే జర చెప్పు. గా తలుపులు ఊకె మూస్కపోతయి."

నిద్ర ఎగిరిపోయింది. మనం స్టేషన్‌కి వెళ్లామని అనం, స్టేషన్ వచ్చిందంటాం! రైలు కదలనట్టూ, ఎల్బీ నగరే మనకు ఎదురొచ్చినట్టూ మాట్లాడతాం. సాపేక్షతలో మొదటి సూత్రం అదేగా. ఒకే వేగంతో తిన్నగా పోయే రైల్లో ఉన్నవాళ్లకీ, ప్లాట్‌ఫారం మీదివాళ్లకీ భౌతిక నియమాలు ఒక్కటే. నేను కదలడం లేదని చెప్పుకునే హక్కు ఇద్దరికీ ఉంది. ఇంగ్లీషు నోట్సు బ్యాగులో కుక్కేశాను.

క్లాసులో అలాగే మొదలుపెట్టాను. పిల్లలు నవ్వారు, తర్వాత విన్నారు. రైల్లో బంతి ముందుకు విసిరితే ప్లాట్‌ఫారం మీదివాళ్లకి రైలు వేగం కూడా కలిసి కనిపిస్తుంది, టార్చి వేస్తే మాత్రం వెలుగు వేగం ఇద్దరికీ ఒక్కటే అని, అది రెండో సూత్రమని చెప్పి ముగించాను. డైరెక్టర్ గారు బయటికి పిలిచారు.

"మంచిగ చెప్పిండ్రు మేడం. సోమవారం నుంచి రండ్రి. ఒక్కటే మాట, డౌట్లు పెట్టుకోవద్దు. సిలబస్ అయిపోవాలె."

"సరేనండీ" అన్నాను. అమ్మయ్య అనిపించింది.

అంతలో క్లాసులోంచి ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "మేడం, వెలుగు ఇద్దరికీ ఒక్కతీర్గ ఉంటే, ఇంకేదో తేడా రావాలె గదా?"

డైరెక్టర్ గారు గడియారం చూసుకున్నారు. కానీ అంత మంచి ప్రశ్న నన్నెవరైనా అడిగి ఎన్నాళ్లయింది!

"వస్తుందమ్మా, కాలంలో వస్తుంది. నేను కదిలే రైలు పెట్టె నట్టనడుమ నిలబడి దీపం వేశాననుకో. నా లెక్కన రెండు చివరలకీ వెలుగు ఒకేసారి తగులుతుంది. ప్లాట్‌ఫారం మీదున్న నీ లెక్కన వెనక చివర వెలుగుకి ఎదురొస్తుంది, ముందు చివర దూరం జరుగుతుంది. అందుకని వెనక చివరకే ముందుగా తగులుతుంది."

"గట్లయితే ఒకేసారి అన్నది..."

"నీకు వేరు, నాకు వేరు. ఇద్దరిదీ నిజమే."

ఆ పిల్ల అప్పటికే అరచేతి మీద పెన్నుతో రైలు బొమ్మ గీస్తోంది. డైరెక్టర్ గారు మాత్రం, "ఫోన్ చేస్తం లెండి మేడం" అన్నారు.

ఇది రాసేసరికి ఆ సోమవారం దాటిపోయింది. ఫోన్ రాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. అలిసిపోయానండీ, నిజంగా. అయినా ఆ పిల్లకి జవాబు చెప్పకుండా వచ్చుంటే ఇంకా ఎక్కువ ఏడ్చేదాన్ని. ఇప్పుడు కొట్లోనే కూర్చుంటున్నాను, చీరల మడతలు ఇంకా సరిగ్గా రావడం లేదు.

సాపేక్షత కోసమే మెట్రో ఎక్కేవాళ్లకి ఒక సలహా. రైలు ఒకే వేగంతో పోతున్నంతసేపు కదులుతున్నట్టే తెలియదు, హాయిగా నిలబడవచ్చు. బ్రేకు పడితే మాత్రం రైల్లో ఉన్నవాళ్లే తూలుతారు, ప్లాట్‌ఫారం మీదివాళ్లకి ఏమీ కాదు. కాబట్టి కడ్డీ గట్టిగా పట్టుకోండి.