వానకోయిలలకు భజన

ఆ రోజుల్లో మలయ్ దేశంలోని మా ఊరు సుంగై పెటానీలో మనుషులకన్నా పిట్టలకే ఎక్కువ ఇళ్ళు కట్టేవారంటే మీరు నమ్మరు. కింద కాఫీ కొట్టు, పైన కిటికీలన్నీ ఇటుకలతో మూసేసిన మేడ, ఆ మేడ మీద స్పీకరు, స్పీకర్లో పొద్దస్తమానం పిట్టకూతల రికార్డు. ఆ కూతలకి మోసపోయి వాలిట్ పిట్టలు లోపలికొచ్చి తమ ఉమ్మితో గూళ్ళు కట్టుకుంటాయి. ఆ గూళ్ళని చీనావాళ్ళు సూపు కాచుకుని తాగుతారు. (ఈ సంగతి విన్న రోజున మా నానమ్మ రాత్రి అన్నం మానేసింది.) గూళ్ళమ్మి కారు కొన్నవాళ్ళ కథలు ఊరంతా చెప్పుకునేవారు. ఒక్క పిట్టా రాని వాళ్ళ కథలు మాత్రం ఎవరూ చెప్పుకునేవారు కాదు. అందుకే నాలాంటివాళ్ళు తయారయ్యారు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఫారం సిక్స్ (కాలేజీకి ముందు ఆఖరి క్లాసు) పరీక్ష అప్పుడే తప్పాను. తప్పింది ఎకనామిక్స్. మరి ఎకనామిక్స్ తప్పిన మనిషి ఏం చెయ్యాలి? నేను వ్యాపారం పెడతానన్నాను. మా పెరట్లో రేకుల కప్పు వేసిన స్టోరు ఒకటుండేది. నాన్న పాత మోటారు సైకిలు, విరిగిన కుర్చీలు, ఎవరూ పారెయ్యడానికి ఒప్పుకోని సామానూ అందులో ఉండేవి. దాన్ని పిట్టలిల్లు చేస్తానన్నాను. గ్లవ్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని చేసే నాన్న టీ గ్లాసు పక్కన పెట్టి నాకేసి చూశాడు. "మళ్ళీ పరీక్ష రాసుకోవే అమ్మీ," అన్నాడు. రాయనన్నాను. "అయితే దీపావళి దాకా సూత్తాను. పిట్టలొచ్చినాయా, ఆ స్టోరు నీది. రాలేదా, నాతోపాటు ఫ్యాక్టరీకి రా. గ్లవ్స్ లైన్లో నిలబడు." నేను గొప్పగా సరేనన్నాను. మళ్ళీ రాసి మళ్ళీ తప్పితే ముఖం ఎక్కడ పెట్టుకోను అన్న భయం కడుపులో ఉండేది కానీ, ఆ భయాన్ని పిట్టల కింద దాచేశాను.

కిటికీకి చెక్కలు కొట్టి, పిట్ట దూరేంత కంత వదిలి, కప్పు కింద దూలాలు బిగించి, మూల తొట్టెలో నీళ్ళు పోశాను. పక్కింటి చీనా అంకుల్‌కి టౌనులో నిజమైన పిట్టలమేడ ఉంది. జాలిపడి కూతల రికార్డు ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు. మా నానమ్మ సంగతి చెప్పాలి. ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా దానికి పసుపుదారం కట్టి బొట్టు పెట్టందే ఆవిడ ఊరుకోదు. మిక్సీకీ అంతే, నాన్న మోటారు సైకిలుకీ అంతే. నా పెన్‌డ్రైవ్‌కీ కట్టింది. నాకు మంచిదే అయింది. నానమ్మకీ అచ్చం అలాంటి నల్ల పెన్‌డ్రైవే ఉండేది (రెండూ ఒకే రాత్రి సంతలో కొన్నవి). శనివారాలు భజన మందిరంలో జనం చేరేలోపు వేసే పాటలు అందులో ఉండేవి. పసుపుదారం ఉన్నది నాది, లేనిది ఆవిడది అని గుర్తు పెట్టుకున్నాను.

స్పీకరు కూసింది, కూసింది, కూస్తూనే ఉంది. వచ్చినవాళ్ళు ఒక తొండ, వీధిలో పిల్లి. దాంతోపాటు ఎదురింటావిడ వచ్చి ఆ గోల తగ్గించమంది. అప్పట్నుంచి సాయంత్రాలు మాత్రమే వేసేదాన్ని, మిగతావేళ నా పెన్‌డ్రైవ్ దేవుడి గూట్లో ఉండేది. దీపావళి దగ్గరపడింది.  నాన్న రోజూ షిఫ్టు నుంచి వచ్చి స్టోరుకేసి ఒకసారి చూసి లోపలికి వెళ్ళేవాడు. ఆ చూపు కన్నా తిట్టినా బాగుండేది.

ఆ శనివారం దేవుడి గూట్లోంచి పసుపుదారం ఉన్నది తీసి స్టోరు స్పీకరుకి పెట్టి, కూత మొదలయ్యేలోపే నానమ్మతో మందిరానికి వెళ్ళాను, శనగల గిన్నె మోసుకుంటూ. జెరాయ్ కొండ మీద ఆకాశం నల్లబడుతోంది. నానమ్మ పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కింది. మందిరం కప్పు మీది స్పీకర్ల నుంచి, వీధి వీధంతా దద్దరిల్లేలా, కిచకిచకిచ. భజన పెద్ద తాత కళ్ళద్దాలు సరిచేసుకుని స్పీకరు నోట్లోకి తొంగి చూశాడు. "ఏటిది? లోపల పిట్టలు దూరినాయి. చీపురు తేండి," అన్నాడు. నేను నానమ్మ చేతిలోని పెన్‌డ్రైవ్ మూత చూశాను. దానికి పసుపుదారం వేలాడుతోంది.

"ఇది నాది కదా నానమ్మా."

"రెంటికీ కట్టినానే. నీదానికి కట్టి నాదానికి కట్టకపోతే బాగుంటాదేటి? పొద్దున్నే దేవుడి ముందు పెట్టి కట్టినాను."

అంటే మా పెరట్లో, పిట్టల కోసం పెట్టిన స్పీకర్లో, తాళాలూ మృదంగంతో రామభజన సాగుతోందన్నమాట. పరుగెత్తాను. వీధి మలుపు తిరిగేసరికి ఈదురుగాలి, దాని వెనకే చినుకులు కావు, కుండపోత.

పెరటి గుమ్మంలో నాన్న గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. నేను మెల్లగా స్టోరు తలుపు సందులోంచి చూశాను. దూలాల మీద, కరెంటు తీగ మీద, మోటారు సైకిలు హ్యాండిలు మీద, తొట్టె అంచు మీద, ఒకదానికొకటి ఒరుసుకుని, తడిసి ముద్దయిన పిట్టలు. ఇంకా కంతలోంచి దూరుతూనే ఉన్నాయి. స్పీకర్లో భజన గట్టిగా సాగుతోంది. ఒక్కటీ బెదరలేదు.

"వచ్చినాయే అమ్మీ," అన్నాడు నాన్న. పరీక్ష ఫలితాలొచ్చాక ఆయన గొంతులో సంతోషం వినడం అదే మొదలు. నాకు ఒళ్ళంతా పొంగిపోయింది.

పక్కింటి అంకుల్ కంచె మీదుగా గొడుగేసుకుని తొంగి చూశాడు. మలయ్‌లో ఆయన చెప్పింది ఇది ('అమోయ్' అంటే పిల్లా అని, మాట చివర 'లా' ఇక్కడి అలవాటు): "అమోయ్, ఇవి గూళ్ళ పిట్టలు కావు లా. లయాంగ్-లయాంగ్. ఎక్కడో ఉత్తరాన చలి దేశాల నుంచి వస్తాయి, చలి తగ్గాక పోతాయి. ఇక్కడ గూడు పెట్టవు. వానకి తలదాచుకున్నాయి, అంతే."

నా వ్యాపార సామ్రాజ్యం అంతటితో సరి. బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని ఏడ్చాను. ఈలోగా నానమ్మ చీర కొంగు నెత్తిన వేసుకుని, నిండా తడిసి వచ్చింది. లోపలికి చూసి, "అయ్యో, వానకోయిలలు," అంది ముచ్చటగా. తర్వాత నాకేసి తిరిగింది. "నువ్వెందుకేడుత్తన్నావు?"

"ఇవి కావు నానమ్మా. ఇవి తెల్లారితే ఎల్లిపోతాయి."

"ఎల్లవా మరి? వానొచ్చింది, ఆగినాయి. తెరిపిచ్చినాక ఎల్తాయి. దారిలో ఆగినందుకు వాటికి సిగ్గేటి? నువ్వూ ఆగినావు. ఆగి, అక్కడే కూకుండిపోయినావు." కొంగు పిండుకుంది. "సర్లే గాని, నా పాటలు నాకియ్యి. అక్కడ తాత ఇంకా పిట్టల భజన ఇంటన్నాడు."

ఏడుస్తూనే నవ్వొచ్చింది.  నాన్న ఒక చెక్క తెచ్చి, గాలి కొట్టకుండా కంతకి చూరులా అమర్చి కట్టాడు. పిట్టలు చెదురుతాయని పెన్‌డ్రైవ్ నేను తియ్యలేదు. ఆ వేళ మందిరంలో భజన రికార్డు పాటలు లేకుండానే మొదలైంది.

పొద్దున్న చూస్తే స్టోరు ఖాళీ. ఇంటి ముందు కరెంటు తీగల మీద బారులు తీరి రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. అన్నీ ఒక్కసారి లేచేదాకా చూసి, లోపలికెళ్ళి నాన్న ఎదురుగా కూర్చున్నాను. "నాయినా, మళ్ళీ పరీక్షకి పేరు ఎప్పట్లోగా ఇవ్వాలో?" అన్నాను.

నాన్న పళ్ళెంలోంచి తలెత్తలేదు. "ఇంకా టైముంది. మీ స్కూలుకెల్లి కనుక్కునే వచ్చినాను."

"ఎప్పుడు?"

"నువ్వు ఆ చెక్కలు కొట్టిన రోజునే."

ఇప్పుడు నేను ఇదే ఊళ్ళో పిల్లలకి ఎకనామిక్స్ చెబుతాను. (ఈ కథ వాళ్ళకి తెలియనివ్వకండి.) నానమ్మ లేదు. స్టోరు ఉంది. వానలు మొదలయ్యాయంటే వెళ్ళి ఆ కంత తెరుస్తాను. జెరాయ్ మీద ఆకాశం నల్లబడినప్పుడల్లా ఫోన్లో ఆ భజనే పెడతాను. "అమ్మా, పాట లేకపోయినా వస్తాయి లా," అని మా అమ్మాయి నవ్వుతుంది. తెలుసంటాను. పిట్టలు తడుస్తూ వచ్చి దూలాల మీద సర్దుకుంటాయి. నేను బకెట్ బోర్లించుకుని, ఆ పంతొమ్మిదేళ్ళ మొండిపిల్లకి పక్కన కాస్త చోటిచ్చి కూర్చుంటాను. వాన తెరిపివ్వగానే మాత్రం ఇద్దరం లేస్తాం.